జడలు కట్టిన తలకు కత్తెర తగిలితే ఏమవుతుంది?

ఏమీ కాదు. జుట్టు తెగుతుంది. రక్తం కారదు, కళ్లు పోవు, ఇంటిపెద్ద మంచం పట్టడు. నిజానికి ఇంతకు మించి రాయాల్సిన పని లేదు. కానీ బోనాల నెల రాగానే సికింద్రాబాద్‌లో ఈ పాత భయానికి కొత్త బలం వస్తుంది కాబట్టి రాయక తప్పడం లేదు.

కథ ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. జ్వరంతో మంచాన పడ్డ పిల్లకు తల దువ్వే దిక్కుండదు. మెడ వెనక జుట్టు ఉండకడుతుంది. పక్కింటావిడ చూసి, "ఎల్లమ్మ తల్లి వచ్చిందే, కత్తెర పెట్టకు, పిల్ల దక్కదు" అంటుంది. అంతే, ఆ రోజు నుంచి దువ్వెన బంద్. పసుపు రాస్తారు, కుంకుమ పెడతారు, నూనె పోస్తారు. కొన్ని నెలలకు ఆ ఉండ తాడంత అవుతుంది. పేలు పడతాయి, మెడ లాగుతుంది, బడిలో పక్కన ఎవరూ కూర్చోరు. ఒకప్పుడైతే పిల్లను జోగినిగా విడవడానికి ఈ జడలే సాక్ష్యం. ఇలా ఆడపిల్లల్ని దేవతకు అంకితం చేయడాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది. దువ్వెన పట్టమని చట్టం చెప్పదు కదా, ఆ భయం అలాగే మిగిలింది.

అసలు జడలు ఎందుకు కడతాయి? మనందరికీ రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. దువ్వితే దువ్వెనకు వస్తాయి. దువ్వకపోతే పక్క వెంట్రుకల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి. వెంట్రుక పైపొర మీద సన్నని పొలుసులుంటాయి. తడి, రాపిడి, చెమట తోడైతే ఒకదాని పొలుసులు ఇంకొకదాన్ని పట్టుకుంటాయి. గొంగడి తడిసి నలిగితే దగ్గరపడేదీ ఇందుకే, గొర్రెకు పూనకం వచ్చి కాదు. చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుకలో నరమూ లేదు, నెత్తురూ లేదు. అది నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. అంటే నడుము దాకా వేలాడే జడ కొసన ఆరేడేళ్ల నాటి జుట్టుంటుంది. అలాంటి జడను అడ్డంగా కోసి చూస్తే అట్టకట్టిన వెంట్రుకల మధ్య నల్లబడ్డ కొబ్బరినూనె, ఎండిన కుంకుమ, దుమ్ము, చచ్చిన పేలు కనిపిస్తాయి. దేవత ఉండే చోటేనా అది?

పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు మనకు ఏ భయమూ ఉండదు. తిరుమల కల్యాణకట్టలో రోజూ వేలమంది తలలు వంచుతారు. ఒక దేవుడు జుట్టు అడిగి మరీ తీసుకుంటుంటే, ఇంకో తల్లి జుట్టు తెగిందని ప్రాణం తీస్తుందా? ఎల్లమ్మను ఇంతకంటే అవమానించడం కష్టం.

"నిన్న బాగానే ఉంది, పొద్దున లేచేసరికి కట్టేసింది" అనే మాట ఒకటుంది. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి, ఇందులో నిజముంది. పొడుగాటి జుట్టంతా నెత్తిమీద కుప్పగా వేసి షాంపూతో గట్టిగా రుద్దితే ఒక్క స్నానంలోనే విడదీయలేనంతగా ముద్దకట్టిన కేసుల గురించి చర్మవైద్యులు రాశారు. కాబట్టి అలా చెప్పే తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఆవిడ చూసింది నిజం, చెప్పుకున్న కారణమే తప్పు.

మనకొక్కరికే ఈ భయం ఉందనుకోకండి. పోలండ్‌లో ఇలాంటి జుట్టును కోల్తూన్ అనేవారు. రోగం దాని గుండా బయటికి పోతుందని, కోస్తే గుడ్డితనమో పిచ్చో వస్తుందని నమ్మేవారు. 19వ శతాబ్దం మధ్యలో క్రాకోవ్ వైద్యుడు యూజెఫ్ డీట్ల్ అది దువ్వకపోవడం వల్ల వచ్చేదేనని పట్టుబట్టి చెప్పాడు. కోయించుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. మన పొరుగున మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ స్థాపించిన అంధశ్రద్ధా నిర్మూలన సమితి ఇదే పని చేస్తోంది. పుణెలో ఆ సమితి కార్యకర్త నందినీ జాధవ్ ఎందరో స్త్రీల జడలు తీశారు. వాళ్లకూ ఏమీ కాలేదు. ప్రాణం పోయింది దాభోల్కర్‌కే, 2013 ఆగస్టు 20న, తుపాకీ గుళ్లకు.

దేవుడి మీద నమ్మకం పోతుందని బెంగపడేవాళ్లు మన సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి చరిత్ర గుర్తుచేసుకోవాలి. 1813లో ఇక్కడ కలరా చెలరేగితే, అప్పుడు సైన్యంతో ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య మొక్కుకుని, 1815లో తిరిగొచ్చి అమ్మవారిని నిలిపాడని చెబుతారు. తర్వాత కలరా నీళ్ల వల్ల వస్తుందని తెలిసింది, నీళ్లలో క్లోరిన్ కలిపాం. బోనం ఎత్తడం ఎవరైనా మానారా? రంగం రోజు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే తల్లికి నేనూ దండం పెడతాను. తల చిక్కు తీసుకోవడానికి మాత్రం ఆవిడ అనుమతి అక్కర్లేదు.

అలాగని నిద్రపోతున్నప్పుడు కత్తెరతో వెళ్లకండి. ఏళ్ల తరబడి భయంతో మోసిన జడ అది. ముందు మాట్లాడాలి. ఒక్కసారికి ఒప్పుకోకపోతే మళ్లీ వెళ్లాలి. కొత్తగా కట్టినదైతే నూనె పట్టించి, కొస నుంచి పైకి వేళ్లతో విడదీస్తే చాలావరకు వస్తుంది. పాతదైతే కోయడమే మేలు. ఇంకో సంగతి: బాలింతో, దిగులుతో ఉన్న మనిషో తల దువ్వుకోవడం మానేస్తే ఆమెకు కావాల్సింది డాక్టరు, దండ కాదు.

ఇక రెండో రకం జనం, ఇష్టపడి లాక్స్, అంటే కావాలని కట్టించుకున్న జడలు, పెంచుకునే కుర్రకారు. వీళ్లనూ ఒక పుకారు పాడుచేస్తోంది: "తల కడగకపోతేనే త్వరగా కడతాయి." శుద్ధ తప్పు. జిడ్డుకు వెంట్రుకలు జారతాయి, శుభ్రంగా ఉంటేనే పట్టుకుంటాయి. కడగని తలకు మిగిలేది చుండ్రు, కురుపులు. వారానికోసారి కడగండి. అసలు తిప్పలు ఆరబెట్టడంలో ఉంటాయి. ముసురు రోజుల్లో పైకి పొడిగా కనిపించే లాక్ లోపల రాత్రిదాకా తడిగానే ఉంటుంది. తెల్లని పాత గుడ్డలో చుట్టి మధ్యలో గట్టిగా నొక్కి చూడండి, గుడ్డ చెమ్మగిల్లితే ఇంకా ఆరలేదు. తడితో పడుకుంటే లోపల బూజు వాసన పట్టుకుంటుంది, తర్వాత ఏ షాంపూకూ లొంగదు.

తేనె, బంక, మైనం పూయడం చీమలకు విందు. లాక్స్ ఉన్నవాడల్లా గంజాయి తాగడు. తీసేయాలంటే గుండే గతి అన్నది కూడా నిజం కాదు, ఓపిక ఉంటే దువ్వి విడదీయొచ్చు.

ఆ ఓపికే చాలామందికి ఉండదు. ఉంగరాల జుట్టుకే లాక్స్ కుదురుకోవడానికి ఏడాది పైన పడుతుంది. మనవాళ్లలో చాలామందిది సాఫీ జుట్టు, ఇంకా ఆలస్యం. మధ్యలో తల పిచ్చుకగూడులా ఉంటుంది, కొన్ని జారిపోతాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. ఫోన్‌లో చూసిన ఎవరి తలతోనో పోల్చుకుని వారం వారం కుదుళ్లు బిగించి తిప్పించుకుంటే నుదుటి దగ్గర జుట్టు ఊడుతుంది. లాగుడు ఎక్కువకాలం సాగితే ఊడిన చోట మళ్లీ మొలవదు కూడా. మీ జుట్టు ఎలా కడితే అలా కట్టనివ్వండి. పెళ్లిలో పెద్దమ్మ పట్టుకుని "ఏం మొక్కు బిడ్డా?" అంటే, "మొక్కు లేదు పెద్దమ్మా, నాకే ఇష్టం" అని చెప్పండి. బ్యాండుమేళం మోగుతుంటే కాస్త గట్టిగా చెప్పండి.