మన ఫైలు ఎక్కడ ఉంది?

నేటి యుగం కంప్యూటర్ యుగమని ప్రతి ఉపన్యాసంలోనూ వింటూ ఉంటాం. కానీ ఆ కంప్యూటర్‌లో మనం దాచుకున్న ఫైలు నిజంగా ఎక్కడ ఉంటుందో ఎవరూ చెప్పరు. మాకూ ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు కాబట్టి ఇంట్లో అడిగే వీలు కూడా లేదు. అది తెలుసుకోవడానికి మేము ఒక ప్రాజెక్టు రిపోర్టు పోగొట్టుకోవలసి వచ్చింది. తమ్ముళ్లారా, మీకు ఆ అవసరం రాకూడదనే ఈ నాలుగు మాటలు.

డిగ్రీ చివరి సంవత్సరంలో నలుగురం కలిసి ఇరవై రోజులు టైపు చేసిన రిపోర్టును ల్యాబ్‌లో ఒక సిస్టంలో డెస్క్‌టాప్ మీద పెట్టాం. ఎదురుగా కనబడుతోంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం. సంక్రాంతి సెలవుల్లో ఆ సిస్టంకు వైరస్ వచ్చిందని ఫార్మాట్ చేశారు. వచ్చి చూస్తే డెస్క్‌టాప్ ఖాళీ. "సీ డ్రైవ్‌లోవన్నీ పోయాయి, డీ డ్రైవ్‌లోవి ఉన్నాయి" అన్నాడు ల్యాబ్ అసిస్టెంట్. "మేము సీ డ్రైవ్‌లో పెట్టలేదన్నా, డెస్క్‌టాప్ మీద పెట్టాం" అన్నాం. ఆయన నవ్వి ఊరుకున్నాడు. డెస్క్‌టాప్ కూడా సీ డ్రైవ్‌లోని ఒక ఫోల్డరే అని మాకు ఆ రోజు దాకా తెలియదు. ఐదు రాత్రులు మేలుకొని రిపోర్టు మళ్లీ టైపు చేశాం.

ఇది మా ఒక్కరి అమాయకత్వం అనుకోనక్కరలేదు. ఫైళ్లు ఉండే చోటును కంప్యూటర్ తయారుచేసేవాళ్లే మళ్లీ మళ్లీ మార్చారు. ఆ మార్పుల కథ తెలిస్తే మన ఫైలును మనం వెతుక్కోగలం.

1981లో ఐబీఎం పీసీతో పాటు వచ్చిన డాస్ మొదటి రూపంలో ఫోల్డర్లే లేవు. 160 కిలోబైట్ల ఫ్లాపీలో ఫైళ్లన్నీ ఒకే కుప్పగా ఉండేవి. 1983లో వచ్చిన డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చాయి. అప్పుడు వాటిని డైరెక్టరీలు అనేవారు. అయినా ఫైలు పేరు 8 అక్షరాలకు, చుక్క తర్వాత 3 అక్షరాలకు మించకూడదు. 1995లో విండోస్ 95 వచ్చాక పేరు 255 అక్షరాల దాకా పెట్టుకునే వీలు కలిగింది. అప్పటికీ ఆ కంప్యూటర్లలో ఫైలు మిషనుదే గానీ మనిషిది కాదు. ఎవరు కూర్చున్నా అందరి ఫైళ్లూ కనబడేవి.

రెండో దశలో ఫైలు మనిషిదయింది. పెద్ద కంప్యూటర్లలో వాడే యూనిక్స్‌లో 1970లలోనే ఒక్కో మనిషికి ఒక్కో 'హోమ్' ఉండేది. విండోస్‌లో ఆ పద్ధతి మామూలు ఇళ్లకు చేరింది 2001లో వచ్చిన ఎక్స్‌పీతోనే. మన హాస్టల్ గదితో పోల్చుకోండి. గది అందరిదీ, ట్రంకుపెట్టె ఎవరిది వాళ్లది. అలాగే సీ డ్రైవ్‌లో 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' అనే గది, అందులో ఒక్కొక్కరి పేరుతో ఒక్కో పెట్టె. ఆ పెట్టెలోనే మై డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఉండేవి. 2007లో విస్టా వచ్చినప్పుడు ఆ గది పేరు 'యూజర్స్' అని మార్చారు. డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్ కూడా అప్పుడే చేరింది.

2009లో విండోస్ 7 'లైబ్రరీలు' తెచ్చింది. వేర్వేరు చోట్ల ఉన్న ఫైళ్లను కదపకుండానే ఒకేచోట చూపించే పద్ధతి ఇది. మంచి ఆలోచనే, కానీ కనబడే చోటు వేరు, ఉండే చోటు వేరు అయింది. జనం తికమక పడ్డారు. 2013లో విండోస్ 8.1 వచ్చేసరికి లైబ్రరీలను పక్కకు తప్పించారు.

ఇక్కడ ఒక మాట. ల్యాబ్‌లో అందరం 'స్టూడెంట్' అనే ఒకే పేరుతో లోపలికి వెళ్తాం. అంటే వందమందికీ కలిపి ఒకే పెట్టె, దానికి తాళం లేదు. మన ఫైలును ఎవరైనా చూడవచ్చు, చెరపవచ్చు.

మూడో దశ ఇప్పుడు నడుస్తున్నది. ఫైలు ఖాతాది అవుతోంది. కొత్త విండోస్ కంప్యూటర్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ కిందకు చేరవచ్చు. అప్పుడు ఫైలు నెట్‌లోని సర్వర్‌లో కూడా ఉంటుంది. కంప్యూటర్ పాడైనా ఫైలు దొరుకుతుంది. ఇది మనలాంటి సొంత కంప్యూటర్ లేనివాళ్లకు నిజంగా వరమే. మా రోజున ఇది ఆన్ చేసి ఉంటే మా రిపోర్టు పోయేది కాదు. కానీ కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉంటే అది నెట్‌లోనే ఉంది, కంప్యూటర్‌లో లేదు. నెట్ లేకపోతే తెరుచుకోదు. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా పోతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే. అన్నిటికంటే ముఖ్యం, పాస్‌వర్డ్ మరిచిపోతే తాళంచెవి పోయినట్టే.

ఫోన్లలోనూ ఇదే మార్పు. ఐఫోన్‌లో ఫైళ్లు చూసుకునే 'ఫైల్స్' యాప్ 2017 దాకా లేనే లేదు. ఆండ్రాయిడ్‌లో 2019 నుంచి ఒక యాప్ ఫైళ్లలోకి ఇంకో యాప్ తొంగిచూడకుండా కట్టుదిట్టం చేస్తూ వచ్చారు. మన ఫొటోలకు, కాగితాలకు ఇది రక్షణే. కానీ యాప్‌ను తీసేస్తే ఆ యాప్ సొంత ఫోల్డర్‌లోవి కూడా దానితో పాటే పోతాయి. కాబట్టి ముఖ్యమైనదాన్ని డౌన్‌లోడ్ లేదా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవాలి.

ఇక చేయవలసిన పనులు.

ఒకటి: ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'లొకేషన్' అనే వరుస చదవండి. అందులో సీ డ్రైవ్ అని మాత్రమే ఉందా, వన్‌డ్రైవ్ పేరు కూడా ఉందా చూడండి. ఇది అర నిమిషం పని.

రెండు: ముఖ్యమైన ఫైలు రెండుచోట్ల ఉండాలి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి మీ ఖాతాలో. గూగుల్ ఖాతాకు 15 జీబీ ఉచితం. సర్టిఫికెట్లన్నీ పెట్టినా నిండదు.

మూడు: నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టాక డౌన్‌లోడ్స్ ఫోల్డర్, ఆ తర్వాత రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, ఖాతా నుంచి బయటకు వచ్చాకే లేవండి. ఒకసారి మేము ఒక సెంటర్‌లో కూర్చుంటే ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి కుల ధృవీకరణ పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ కనబడ్డాయి. చెరిపేసి వచ్చాం. చెరపని వాళ్ల చేతిలో పడితే ఏమయ్యేదో!

మా అమ్మకు చదువు రాదు. కానీ మా కాగితాలన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. ఇంట్లో ఎవరు ఏ కాగితం అడిగినా చీకట్లో కూడా తీసి ఇవ్వగలదు. అంత చదివిన మేము ఒక రిపోర్టు ఎక్కడ పెట్టామో తెలియక పోగొట్టుకున్నాం. తమ్ముళ్లారా, ఈ రాత్రి స్టడీ అవర్ అయ్యాక మీ ఫోన్‌లో, రేపు ల్యాబ్‌లో ఒక్కసారి వెతకండి. మీ పదో తరగతి మెమో ఎక్కడ ఉంది? వెంటనే చెప్పలేకపోతే ఇప్పుడే దానికొక చోటు చూపండి.