మీకు తెలుసా? ఈ గేమ్‌లో నావికులకు నిద్ర కూడా కావాలి

2005లో వచ్చిన కంప్యూటర్ గేమ్ ‘సైలెంట్ హంటర్ 3’లో రెండో ప్రపంచ యుద్ధ కాలపు జర్మన్ జలాంతర్గామి (యూ-బోటు) కెప్టెన్‌గా ఆడేవారు శత్రు నౌకలతో పాటు తమ నావికుల అలసటనూ కనిపెట్టుకోవాలి. ఇంజిన్ గదిలో డస్సిపోయినవాళ్లను పడకల దగ్గరికి పంపి, నిద్ర తీరినవాళ్లను దింపకపోతే పని కుంటుపడుతుంది.

పోలండ్‌లో తయారై 2024లో పూర్తిస్థాయిలో విడుదలైన ‘యూబోట్’ గేమ్ నావికుల తిండి, మనోధైర్యం దాకా వెళ్లింది. అసలైన టైప్ 7 రకం యూ-బోటులో నలభై మందికి పైగా ఉండేవారు. మరుగుదొడ్లు రెండే, బయలుదేరేటప్పుడు వాటిలో ఒకదాని నిండా తిండి సామాను కుక్కేవారు! ఆ ఇరుకూ, ఆ కంపూ ఏ తెరకూ అందవు. ఆటలో బోటు మునిగితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. నిజమైన యుద్ధంలో యూ-బోట్లలో పనిచేసిన సుమారు 40,000 మందిలో దాదాపు 30,000 మంది చనిపోయారు.