మెదడు వాచినప్పుడు

కిందటేడు సంక్రాంతికి ముందు మా తమ్ముడు మోటారు సైకిలు మీదనుంచి పడ్డాడు. హెల్మెట్టు యింట్లో మేకుకు వేలాడుతోంది! ఆస్పత్రికి చేర్చేసరికి వాడికి స్పృహ లేదు. రాత్రికి ఒక కంటిపాప పెద్దదయింది. పుర్రెలో ఒత్తిడి పెరుగుతోందన్నారు డాక్టరుగారు.

చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది. మెదడు వాస్తే పుర్రె సాగదు కదా! చోటు చాలక మెదడు నలుగుతుంది. దానికి రక్తం సరిగా అందదు.

నర్సు మానిటాల్ సీసా తగిలించింది. ఇది చక్కెర జాతి పదార్థమే. మాగాయకు తరిగిన ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది చూశారూ? ఇంచుమించు అలాగే యిది మెదడులోని నీటిని రక్తంలోకి లాగుతుంది. ఆ నీరు మూత్రంగా పోతుంది. అందుకే రక్తపోటునూ, మూత్రపిండాలనూ కనిపెట్టి చూస్తుంటారు. ఉప్పుపాలు ఎక్కువైన సెలైనుదీ యిదే పని. రెండూ గండం గడిపేవే. లోపల పెద్ద నెత్తురు గడ్డ ఉంటే ఆపరేషను చేయవలసి రావచ్చు.

అంతలో నాకు మా పెద్దనాన్న జ్ఞాపకం వచ్చారు. ఆయనకు మెదడులో కంతి లేచినప్పుడు స్టెరాయిడుతో వాపు తీసేసినట్టు తగ్గింది. "అదే యివ్వండి, ఎంత ఖరీదైనా సరే" అని పట్టుబట్టాను.

డాక్టరుగారు విసుక్కోలేదు. "కంతి చుట్టూ వచ్చే వాపుకు అది మంచిదేనండీ. దెబ్బ తగిలినవారికీ ముప్పై ఏళ్ళకు పైగా చాలాచోట్ల అలాగే యిచ్చారు. తీరా 1999లో మొదలుపెట్టి అనేక దేశాల్లో 10,008 మంది మీద పరీక్షించారు. సగం మందికి మిథైల్ ప్రెడ్నిసొలోన్, సగం మందికి ఉత్త మందు. రెండు వారాల్లో ఉత్త మందు వారిలో నూటికి 18 మంది పోతే, స్టెరాయిడు వారిలో 21 మంది పోయారు! 2004లో ఆ పరీక్ష మధ్యలోనే ఆపేశారు" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. తమ్ముడి ప్రాణం కోసం నేను వేడుకున్నది ఆ మందునే!

నాలుగోనాడు వాడు కళ్ళు తెరిచి "అమ్మ ఏదీ?" అన్నాడు. ఇప్పటికీ మాటల మధ్య ఒక్కొక్క పేరు వాడికి తట్టదు. అమ్మ అందిస్తూ ఉంటుంది.

ఇప్పుడు హెల్మెట్టు చేతికివ్వనిదే అమ్మ మమ్మల్ని గడప దాటనివ్వదు.