బెదరు కుక్కకు మాత్ర - గుండె సంగతి

దివిసీమలో గాలి హోరుమనిన మనుష్యులకే గుండె జల్లుమనును. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. కుక్కలకును ఇట్టి భయము కలదు. ఉరుమునకు, దీపావళి టపాకాయలకు వణకుచు మంచము క్రింద దూరునవి కొన్ని. యజమాని గడప దాటినంతనే వీధి యదరునట్లు మొరగుచు, తలుపును గోళ్ళతో చీరునవి కొన్ని. ఇరుగుపొరుగువారి ఫిర్యాదు తుదకు పంచాయతి సభ్యుని యొద్దకే వచ్చును. కావున ఈ విషయమును మీకు విన్నవించుచున్నాము.

కుక్కకు మనోవ్యాధి యేమిటని నవ్వువారుందురు. ఈ వ్యాధికి మందులే యున్నవి. యజమాని యెడబాటును ఓర్వలేని కుక్కలకై అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ క్లోమిప్రమిన్‌ను 1998లోను, ఫ్లూఆక్సెటిన్‌ను 2007లోను అనుమతించినది. రెండును మనుష్యులకు వాడునవియే. ఇవి గుండెకు చెరుపు చేయునా యనునదే ప్రశ్న.

ఆరోగ్యముగల కుక్కకు, వైద్యుడు బరువును బట్టి నిర్ణయించిన మోతాదులో ఫ్లూఆక్సెటిన్ వలన గుండెకు అపాయము స్వల్పము. క్లోమిప్రమిన్, దాని తెగకే చెందిన అమిట్రిప్టిలిన్ అంత నిరపాయకరములు కావు. గుండెను లయతో కొట్టుకొనజేయు విద్యుత్ప్రసారమును ఇవి మందగింపజేయగలవు. మోతాదు మించినచో లయ తప్పి ప్రాణము పోవచ్చును. గుండెజబ్బుగల కుక్క విషయమున వైద్యుడు మిక్కిలి జాగ్రత్త వహించును. మత్తు కలిగించు ఎసిప్రోమజిన్ రక్తపు పోటును తగ్గించును. అది కుక్కను కదలనీయదేగాని లోపలి భయమును పోగొట్టదు.

ఇంటిలో పెద్దలకు వ్రాసిన మాత్రను సగము విరిచి కుక్కకు వేయువారు కలరు. మనిషికి వ్రాసిన మాత్రను పశువైద్యుని అడుగక కుక్కకు వేయరాదు.

పాడిగల యిండ్లవారు ముఖ్యముగా గమనింపవలసినది మరియొకటి కలదు. పశువుల పిడుదులకు వాడు అమిట్రాజ్ మందు తానే గుండె వేగమును తగ్గించును. ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమిన్ తినుచున్న కుక్కకు దానిని తగులనీయరాదు. రెండును కలసినచో ఒంటివేడి మితిమీరి, మూర్ఛలు వచ్చి, కుక్క చనిపోవచ్చును. గేదెను కడుగగా మిగిలిన నీటిని కుక్కపై పోయుట చిన్నపనిగా తోచును. పిడుదులకు ఏ మందు వాడితిరో పశువైద్యునకు తప్పక చెప్పవలెను.

మందు మొదలుపెట్టుటకు ముందు వైద్యుడు గుండె చప్పుడును విని పరీక్షింపవలెను. ముసలి కుక్కకు ఇది మరింత యవసరము. అనుమానమున్నచో మచిలీపట్నము, గుడివాడ ప్రాంతములవారు గన్నవరములోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాలలో చూపించుకొనవచ్చును. ఇంటియొద్ద చేయదగిన పరీక్ష యొకటి కలదు. కుక్క గాఢముగా నిద్రించునపుడు రొమ్ము లేచి పడుటను ఒకటిగా నెంచి, గడియారము చూచి ఒక నిమిషము లెక్కింపవలెను. పలుమార్లు 30కి మించినను, రాత్రులు దగ్గుచున్నను, ఉన్నట్టుండి సొమ్మసిల్లినను మాత్ర మాట తరువాత, ముందు గుండె సంగతి చూపింపవలెను.

నిన్నటివరకు సాధువుగా నున్న కుక్క ఒక్కసారిగా మారి, చొంగ కార్చుచు కరవవచ్చినచో అది బెదరని తలపరాదు, పిచ్చికుక్క వ్యాధి కావచ్చును. కరచినచో గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను.

దీపావళి ముందురోజున ఫ్లూఆక్సెటిన్ వేసి ఫలితము లేదనుట సరికాదు. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. తగ్గినదని వైద్యుని అడుగక ఒక్కసారిగా మానివేయనురాదు.