గోధుమల బేరంలో లారీ కిరాయి: సర్కారు కొనుగోళ్లలో వర్తకులు గమనించవలసిన పద్దు

ప్రభుత్వాలతో బేరమంటే ఏ వర్తకునికైనా ఆశ ఉండడం సహజం. సరుకు భారీగా పోతుంది. చెల్లింపుకు బ్యాంకు హామీ ఉంటుంది. అయితే ఇటువంటి బేరాలలో ముప్పు చాలాసార్లు ధర దగ్గర కాక, ధరలో కలిసిపోయిన రవాణా, కమీషను, సర్వీసు వంటి పద్దుల దగ్గర వస్తుంది. ఇరాక్‌తో ఆస్ట్రేలియా జరిపిన గోధుమల వ్యాపారం ఇందుకు మంచి నిదర్శనం.

కువైట్‌ను ఆక్రమించినందుకు 1990 ఆగస్టులో ఇరాక్‌పై ఐక్యరాజ్యసమితి ఆంక్షలు విధించింది. తిండికీ మందులకూ అక్కడి ప్రజలు అల్లాడుతుండగా, 1995 ఏప్రిల్‌లో భద్రతా మండలి ‘ఆహారానికి చమురు’ పథకాన్ని ఆమోదించింది. 1996 డిసెంబరులో చమురు ఎగుమతి మొదలయింది. చమురు అమ్మిన సొమ్ము ఇరాక్ చేతికి రాదు. ఐక్యరాజ్యసమితి అధీనంలోని బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. ఇరాక్ ఏ సరుకు కొన్నా, సమితి ఆమోదం పొందిన తర్వాత ఆ ఖాతా నుంచే అమ్మకందారుకు చెల్లిస్తారు. ఇరాక్ ప్రభుత్వానికి నగదు చిక్కకూడదన్నదే ఈ ఏర్పాటులోని ఉద్దేశం. కాగా, సరుకు ఎవరివద్ద కొనాలో నిర్ణయించే హక్కు మాత్రం ఇరాక్‌కే వదిలిపెట్టారు. కన్నం పడింది అక్కడే.

లారీలు లేని కిరాయి

ఈ పథకం కింద ఇరాక్‌కు అత్యధికంగా సరుకు అమ్మిన సంస్థ ఆస్ట్రేలియాకు చెందిన ఎ.డబ్ల్యు.బి. అంతవరకు ప్రభుత్వ గోధుమల బోర్డుగా ఉన్న ఈ సంస్థ 1999 జులైలో కంపెనీగా మారింది. ఆ దేశపు గోధుమల భారీ ఎగుమతులపై గుత్తాధిపత్యం దానిదే. పథకం నడిచిన కాలంలో సుమారు 68 లక్షల టన్నుల గోధుమలను ఇరాక్‌కు అమ్మింది.

1999లో ఇరాక్ కొత్త షరతు పెట్టింది. రేవు నుంచి లోపలి జిల్లాలకు సరుకు చేరవేసేందుకు టన్నుకు ఇంత అని కిరాయి చెల్లించాలన్నది. ఆ సొమ్ము జోర్డాన్‌లోని ఆలియా అనే రవాణా కంపెనీకి పంపాలి. మొదట టన్నుకు సుమారు 12 డాలర్లుగా ఉన్న ఈ కిరాయి తరువాతి ఒప్పందాల్లో కొన్ని రెట్లు పెరిగింది. 2000 సంవత్సరం చివరి నుంచి ఒప్పందం విలువలో 10 శాతం ‘అమ్మకానంతర సర్వీసు’ రుసుము కూడా వచ్చి చేరింది. అమ్మిన గోధుమలకు తర్వాత చేసే సర్వీసు ఏముంటుందో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆలియా కంపెనీలో ఇరాక్ రవాణా మంత్రిత్వశాఖకు వాటా ఉంది. ఆ కంపెనీ ఈ గోధుమలను ఒక్క లారీలో కూడా తోలలేదు. తన కమీషను మినహాయించుకుని మిగతా సొమ్మును ఇరాక్ ప్రభుత్వ ఖాతాలకు చేరవేసింది.

లెక్క ఎలా నడిచిందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. గోధుమల అసలు ధర టన్నుకు 200 డాలర్లు అనుకుందాం. 12 డాలర్ల కిరాయి కలిపి 212 డాలర్లకు ఒప్పందం వ్రాస్తారు. సమితి ఖాతా నుంచి 212 వస్తుంది. 12 జోర్డాన్‌కు పోతుంది. అమ్మకందారుకు తన 200 తనకు దక్కుతుంది. అతని పెట్టెలోంచి పైసా పోలేదు. పోయింది ఇరాక్ ప్రజల తిండికోసం దాచిన సొమ్ము. అమ్మకందారుకు నష్టం కనిపించకపోవడం వల్లనే ఈ పద్ధతి ఏళ్ళ తరబడి సాగిపోయింది.

అడగకపోవడమే తప్పయింది

కెనడా గోధుమల వ్యాపారులను కూడా ఇరాక్ ఇటువంటి చెల్లింపే కోరింది. దాంతో 2000 ఆరంభంలోనే విషయం సమితి దృష్టికి వెళ్లింది. ఎ.డబ్ల్యు.బి. తనపై వచ్చిన ఆరోపణను కాదన్నది. చెల్లింపులు మాత్రం ఆగలేదు.

సద్దాం ప్రభుత్వం కూలిన తర్వాత పత్రాలు బయటపడ్డాయి. పాల్ వోల్కర్ అధ్యక్షతన సమితి నియమించిన విచారణ సంఘం 2005 అక్టోబరులో తుది నివేదిక ఇచ్చింది. 2,200కు పైగా కంపెనీలకు సంబంధించిన బేరాలలో, చమురుపై అదనపు వసూళ్లు, సరుకులపై ముడుపులు కలిపి సుమారు 180 కోట్ల డాలర్లు ఇరాక్ ప్రభుత్వానికి చేరినట్లు తేల్చింది. ఇందులో ఎ.డబ్ల్యు.బి. ద్వారా పోయినది 22 కోట్ల డాలర్ల పైమాటే. నివేదికలో మన దేశానికి చెందిన పేర్లు కూడా రావడంతో జస్టిస్ ఆర్.ఎస్. పాఠక్‌తో కేంద్రం విచారణ జరిపించింది.

ఆస్ట్రేలియాలో టెరెన్స్ కోల్ జరిపిన విచారణ నివేదిక 2006 నవంబరులో వెలువడింది. కంపెనీ సమితినీ, స్వదేశ ప్రభుత్వాన్నీ మోసగించిందని అది నిర్ధారించింది. 2008లో గుత్తాధిపత్యం పోయింది. 2010లో కంపెనీయే కెనడాకు చెందిన ఆగ్రియం చేతికి పోయింది. మాజీ మేనేజింగ్ డైరెక్టరుకు 2012లో లక్ష ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది.

మాజీ ఛైర్మన్ విషయంలో వచ్చిన తీర్పు ముఖ్యంగా గమనించదగినది. ఆ చెల్లింపులు ఆంక్షలకు విరుద్ధమని ఆయనకు తెలుసునని 2016లో కోర్టు తేల్చలేదు. సమితి ఆరా తీస్తున్నదని తెలిసిన తర్వాత కూడా తగిన విచారణ చేయకపోవడమే డైరెక్టరుగా ఆయన చేసిన తప్పు అన్నది. మరుసటి ఏడు 50,000 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా, 5 సంవత్సరాల నిషేధం విధించింది. ‘నాకు తెలియదు’ అన్న జవాబు సరిపోలేదన్నమాట.

మన చట్టం ఏమంటుంది

మన అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. 2018 సవరణతో లంచం ఇచ్చినవారి నేరం అందులో స్పష్టమయింది. 7 సంవత్సరాల వరకు జైలు పడవచ్చు. బలవంతంమీద ఇవ్వవలసి వస్తే 7 రోజులలోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేయాలి. ఏజంటు ఇచ్చిన లంచానికి అతడిని పెట్టుకున్న సంస్థ కూడా బాధ్యురాలే. భాగస్వామ్య సంస్థలు సైతం దీని పరిధిలోకి వస్తాయి. అటువంటి పనులు జరగకుండా తగిన కట్టుబాట్లు పెట్టుకున్నామని సంస్థ రుజువు చేసుకోగలిగితే రక్షణ ఉంది. భాగస్వామి గాని, మేనేజరు గాని సమ్మతించినట్లు తేలితే వారికి 3 నుంచి 7 సంవత్సరాల శిక్ష. ఇక టెండర్లలో వర్తకులు రింగు కట్టి ధర నిర్ణయించుకోవడం 2002 నాటి పోటీ చట్టం కింద వేరే తప్పు.

విదేశీ వ్యాపారంలో అవతలి దేశాల చట్టాలు కూడా తగులుతాయి. విదేశీ అధికారులకు లంచాలను అమెరికా 1977 చట్టంతో, బ్రిటన్ 2010 చట్టంతో నేరంగా చేశాయి. కాకినాడ రేవు నుంచి ఆఫ్రికా దేశాలకు బియ్యం పంపే మన వర్తకుల బేరాలలో లండన్ దళారి, డాలర్ల చెల్లింపు ఉండడం వింత కాదు. కనుక ఇది ఎక్కడో దూరపు సంగతి అనుకోరాదు.

సంతకానికి ముందు

సర్కారు కొనుగోలుదారుతో ఒప్పందం వ్రాసుకునేటప్పుడు ధరలో కలిసిన ప్రతి పద్దును విడదీసి చూడాలి. రవాణా అంటే లారీ రసీదులు వస్తాయా? సర్వీసు అంటే చేసేదెవరు, చేసేదేమిటి? సొమ్ము పుచ్చుకునే కంపెనీ ఎవరిది? సరుకు ఒక దేశానికి పోతుండగా సొమ్ము మూడో దేశపు బ్యాంకుకు ఎందుకు? ఏజంటును మనం ఎన్నుకున్నామా, అవతలి అధికారి చూపించాడా? కమీషను బజారు వాడుకకు తగినట్లుందా? ఈ వివరాలన్నీ చెల్లించే బ్యాంకుకు ఇచ్చే కాగితాలలో ఉన్నదున్నట్లు వ్రాయగలమా? ఈ చివరి ప్రశ్నకు తడుముకోవలసి వస్తే ఆ పద్దులో ఏదో ఉన్నదన్నమాటే.

‘మనం కాదంటే పక్కవాడు ఇస్తాడు, బేరం పోతుంది’ అన్న వాదం బజారులో ఎప్పుడూ ఉన్నదే. అది నిజం కూడా కావచ్చు. ఇరాక్ బేరాలలో అలా సాగిపోయిన కంపెనీలు రెండు వేల పైచిలుకు. అంతమంది ఉన్నారన్న మాట విచారణలో ఎ.డబ్ల్యు.బి.ని ఆదుకోలేదు. అనుమానం వచ్చిన పద్దు గురించి కొనుగోలుదారుకు రాతపూర్వకంగా వ్రాసి, నకలు ఫైలులో ఉంచుకోవడం కనీస జాగ్రత్త. సూటి జవాబు రాకపోతే సరుకు రేవుకు తోలకముందే బేరం ఆపుకోవడం మంచిది.