డిరైలరు కేజ్ పొడవును గుర్తించుట

మన వీథులలో తరతరములుగా తిరుగాడిన నల్లని సైకిళ్లకు వెనుక ఒక్కటే ఫ్రీవీలు గనుక, చైనును ఒకమారు బిగించిన పిమ్మట దాని బిగువును గూర్చి నిత్యము చింతింప నక్కరలేదు. గేర్ల సైకిలు సంగతి వేరు. అందు చైను పెద్ద పళ్లచక్రముమీదినుండి చిన్నదానిమీదికి దిగినప్పుడెల్ల కొంత వదులు మిగులును. ఆ వదులును లాగి పట్టి, మరల అవసరమైనప్పుడు విడిచిపెట్టునది, చైనును ఒక చక్రమునుండి మరొకదానిమీదికి మార్చు వెనుక డిరైలరు క్రింద రెండు పుల్లీలతో వ్రేలాడు చట్రము. దానినే కేజ్ అందురు. అది ఎంత పొడవైన అంత వదులును లాగగలదు.

దీని పొడవును కొలుచుటలో పలువురు రేకు పైయంచునుండి క్రిందియంచువరకు స్కేలు పెట్టుదురు, అది సరికాదు. పై పుల్లీ బోల్టు నడిమినుండి క్రింది పుల్లీ బోల్టు నడిమికి తిన్నగా కొలువవలెను. చైను విప్పుట కూడ అనవసరము. రోడ్డు సైకిళ్లలో ఈ దూరము సుమారు 50-55 మి.మీ. ఉన్నచో పొట్టి, 75కు అటునిటుగా మధ్యమము, 85 దాటినచో దీర్ఘము. ఇటలీలోని క్యాంపగ్నోలోవారు పది స్పీడుల కాలమున 55, 72.5, 89 మి.మీ. అను మూడు కొలతలను వాడిరి. జపానులోని షిమానోవారు పొట్టి, మధ్యమ, దీర్ఘములకు వరుసగా ఎస్‌ఎస్‌, జీఎస్‌, ఎస్‌జీఎస్‌ అను గుర్తుల నుంచిరి. మడ్డిని తుడిచి చూచినప్పుడు ఆ యక్షరములు డిరైలరుమీద కనబడినచో స్కేలుతో పనియే లేదు. కంటి అంచనాను మాత్రము నమ్మరాదు: పెద్ద పుల్లీలు బిగించిన పొట్టి కేజ్ కూడ పొడుగుదానివలె భ్రమ గొల్పును.

ఎంత పొడవు కావలెనో తేల్చునది పళ్ల లెక్క. ముందరి చక్రముల పళ్ల తేడాకు వెనుక చక్రముల పళ్ల తేడాను కూడవలెను. ముందు 50, 34, వెనుక 28నుండి 11 వరకు ఉన్నవనుకొందము. 16, 17 కలిపి 33. చైను ఒక్కొక్క చక్రమును ఇంచుమించు సగమే చుట్టుకొనును గనుక, ఒక పంటి తేడాకు అర లింకు, అనగా 6.35 మి.మీ., చొప్పున ఆ 33 పళ్లకు దాదాపు 21 సెం.మీ. చైనును కేజ్ సర్దుకొనవలెను. పొట్టి కేజ్ గల షిమానో అల్టెగ్రా 6800కు సరిగా 33 పళ్లే హద్దు. దాని మధ్యమమునకు 39. వెనుక 32 పళ్ల చక్రము పెట్టినచో లెక్క 37 అగును, మధ్యమము తప్పనిసరి.

వెనుక పట్టగల అతిపెద్ద చక్రమును నిర్ణయించునది ముఖ్యముగా డిరైలరు దేహపు అమరిక, పై పుల్లీ స్థానము; కేజ్ పొడవొక్కటే కాదు. తయారీదారులు దీర్ఘమైన కేజ్‌ను పెద్ద చక్రములకు తగిన దేహముతో జతపరచుటచేత, ఈ రెండును ఒక్కటే యను అపోహ బలపడినది.

అనుమానము తీరనివారు ముందుగా ముందరి పెద్ద చక్రమునుండి వెనుకటి పెద్ద చక్రమునకు చాలునంత చైను ఉంచి, పిదప దానిని రెండు చిన్న చక్రములమీద వేసి చూడవలెను. క్రిందివైపున అది ఉయ్యాలవలె వ్రేలాడినచో ఆ గేర్లకు ఆ కేజ్ పొట్టిదే.