తన కేసు తానే వాదించుకునే రచయిత

భీమవరంలో ఆమధ్య మా సాహిత్య మిత్రుల సమావేశంలో ఒక యువకథకుడు ఇలా అడిగాడు: "రాసింది నేను. ఎందుకు రాశానో తెలిసిందీ నాకే. రేపు నా రాత మీద కేసొస్తే, పైకోర్టులో నా తరఫున నేనే మాట్లాడుకుంటే తప్పేమిటి? మధ్యన వకీలెందుకు?"

ప్రశ్నలో ఆత్మాభిమానం వుంది. చట్టమూ అడ్డు చెప్పదు. తన కేసు తాను వాదించుకోవడానికి వకీలు పట్టా అక్కర్లేదు. సుప్రీంకోర్టులో మాత్రం 2013 నిబంధనల ప్రకారం ముందుగా అనుమతి కోరాలి. వకీలును ఎందుకు పెట్టుకోలేకపోతున్నామో చెప్పాలి. రిజిస్ట్రారు పిలిచి మాట్లాడతాడు. అయితే హక్కు వుండడం వేరు, దాన్ని ఎక్కడ ఎలా వాడాలో తెలియడం వేరు.

ముందుగా రెండు పనుల్ని విడదీసి చూడాలి. ముద్దాయిగా వాంగ్మూలం ఇవ్వడం ఒకటి, అప్పీలుదారుగా వాదించడం మరొకటి.

మొదటిదానికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ తరిమెల నాగిరెడ్డి. హైదరాబాదు కుట్రకేసులో ఆయన కోర్టుకిచ్చిన వాంగ్మూలమే, ఆయన మరణించిన రెండేళ్ళకు, 1978లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. తెలుగు పాఠకులకది 'తాకట్టులో భారతదేశం'. నేరం చేశానా లేదా అన్న దగ్గర ఆయన ఆగలేదు. విదేశీ పెట్టుబడి దేశాన్ని ఎలా పట్టి వుంచిందో వివరించారు. న్యాయమూర్తి ఎదుట నిలబడి ప్రజలతో మాట్లాడారు. అంతకు ముందు 1908లో, బొంబాయి హైకోర్టులో రాజద్రోహం కేసు విచారణలో తిలక్ రోజుల తరబడి తానే వాదించుకున్నారు. ఆరేళ్ళ ప్రవాస శిక్ష తప్పలేదు, కాని ఆ మాటలు నిలిచాయి.

అప్పీలు స్వభావం ఇది కాదు. కింది కోర్టు రికార్డే దాని హద్దు. తీర్పులో తప్పు ఏ పుటలో, ఏ వాక్యంలో వుందో చూపాలి. అక్కడ ఉపన్యాసం నడవదు. పైగా అప్పీలు చేసే హక్కు మనకొక్కరికే లేదు. 1907లో రాజమండ్రి ట్రైనింగు కాలేజీ నుంచి బహిష్కృతుడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మరుసటి సంవత్సరం బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన వ్యాసానికి రాజద్రోహిగా నిలబడ్డారు. సెషన్సు కోర్టు ఆరు నెలలు వేసింది. అది చాలదని ప్రభుత్వమే అప్పీలుకు వెళ్ళింది. మద్రాసు హైకోర్టు దాన్ని మూడేళ్ళు చేసింది. శిక్ష చాలదని ప్రభుత్వం పైకోర్టుకు వెళ్ళే వీలు ఈనాటికీ వుంది.

తెలుగు రచయితకు మరో చిక్కు భాష. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం మన హైకోర్టుల్లోనూ సుప్రీంకోర్టులోనూ వ్యవహారం ఇంగ్లీషులో నడుస్తుంది. తెలుగు పుస్తకం అక్కడికి అనువాదమై వెళుతుంది. కథలో ఒక తల్లి అల్లరి కొడుకును "నీ తాట వొలుస్తా" అంటుంది. మాటకు మాటగా ఇంగ్లీషులో పెడితే అది హత్యాబెదిరింపు! అనేక సందర్భాల్లో కేసు ఓడిపోయేది చట్టం దగ్గర కాదు, ఇలాంటి అనువాదం దగ్గర.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి వుంది. భావప్రకటన కేసులో అప్పీలు చేసేవాడు తనొక్కడి కోసమే వాదిస్తున్నాననుకోవడం పొరపాటు. సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యం. లారెన్సు నవల అమ్మినందుకు శిక్షపడిన బొంబాయి పుస్తక వ్యాపారి రంజిత్ ఉదేశీ అప్పీలు 1964లో ఓడిపోయింది. వకీలు సమర్థంగానే వాదించాడు. అయినా 1868 నాటి ఒక ఇంగ్లండు తీర్పులోని అశ్లీలపు కొలబద్ద మన రచయితల నెత్తిన స్థిరపడింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో గాని సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టలేదు. ఒక్కడి ఓటమి యాభై ఏళ్ళు అందరి ఓటమి అయింది. వకీలుండీ ఇలా జరిగితే, ఆవేశమే ఆయుధంగా వెళ్ళేవాడు ఇంకెంత జాగ్రత్తగా వుండాలి!

అయితే రచయిత నోరు మూసుకు కూర్చోవాలా? అక్కర్లేదు. బెంగాలీ రచయిత సమరేశ్ బసు 1967లో రాసిన 'ప్రజాపతి' నవల కేసు చూడండి. అశ్లీలమని కింది కోర్టు శిక్షించింది, హైకోర్టు సమర్థించింది. 1985లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. న్యాయమూర్తి ముందు రచయిత స్థానంలో నిలబడి చూడాలి, తరవాత ఆ పుస్తకం చేతికందగల పాఠకుల స్థానంలో నిలబడాలి అని చెప్పింది. ఇది సాహిత్య విమర్శ చేసే పనే. ఆ కేసు విచారణలో బుద్ధదేవ బసు వంటి సాహిత్యకారుడు బోనెక్కి నవల తరఫున సాక్ష్యం చెప్పాడు. అందుకే ఆ మాట రికార్డులో చేరింది, పైకోర్టు దాకా వెళ్ళింది.

కనుక మా యువమిత్రుడికి నా సమాధానం ఇది. వాంగ్మూలం నువ్వే ఇవ్వు, అది నీ గొంతుతోనే పలకాలి. అప్పీలులో చట్టాన్ని వకీలుకు వదిలి, నువ్వు పుస్తకం పట్టుకుని ఆయన పక్కన కూర్చో. పాత్ర మాట ఏదో రచయిత మాట ఏదో చూపు, అనువాదం ప్రతి వాక్యమూ సరిచూడు. వకీలు దొరకకపోతే ఇదే పని నీ నోటితో చెయ్యి, అంతకు మించి చెయ్యకు.

ఇక మిగతా మనందరికీ ఒక పని వుంది. తోటి రచయిత మీద కేసొచ్చినప్పుడు తీర్మానం చేసి ఊరుకోవడం సులువు. కింది కోర్టులో బోనెక్కి, ఆ పుస్తకాన్ని చదివి చెప్పగలవాళ్ళు మనలో ఎందరున్నారు?